బీగం, బీగంచెవి: వెబ్‌సైటు తలుపు వెనుక కథ

కోస్తా మిత్రులు తాళం అనేదాన్ని మన వైపు బీగం అంటాం. వాళ్ల మాటలో "తాళం వెయ్యి" అంటే ఒకటి, "తాళం ఇటివ్వు" అంటే ఇంకొకటి. వేసేదీ తీసేదీ రెండూ తాళమే. మనకు ఆ తికమక లేదు. బీగం బీగమే, బీగంచెవి బీగంచెవే. కంప్యూటర్లలో తలుపులు మూసే పని గురించి రాయబోతున్నాను కాబట్టి కొత్తచెరువు మాటే వాడుకుంటాను. ఇక్కడ బీగం ఒకరి దగ్గర, చెవి ఇంకొకరి దగ్గర ఉంటాయి. బీగం పెట్టినవాడికి కూడా చెవి ఆకారం తెలియకూడదు. ఈ సంగతి తేలడానికే కొన్నేళ్లు పట్టింది.

ఈ వ్యాసం ఎందుకంటే, స్వర్ణోత్సవం సందర్భంగా మన సంఘం వెబ్‌సైటులో పూర్వ విద్యార్థుల వివరాలన్నీ పెట్టాలన్న ఆలోచన వచ్చింది. పేరు, బ్యాచ్, ఇప్పుడున్న ఊరు, ఉద్యోగం, ఫోన్ నంబరు. "మన వాళ్లు మన వాళ్లను కలుసుకోవడానికేగా, అందరికీ కనిపిస్తే ఏం?" అన్నారు కొందరు. "మా నంబర్లు ఎవడు పడితే వాడు చూసేటట్టయితే మా పేర్లే వద్దు" అన్నారు మరికొందరు, ముఖ్యంగా ఆడపిల్లలు (యాభై దాటినా బడి లెక్కలో ఆడపిల్లలే). రెండో మాటలో న్యాయం ఉందని నా అభిప్రాయం. బ్యాచ్, క్లాసు టీచరు పేరు, బెంచీ మిత్రుడి పేరు తెలిసినవాడు ఫోన్ చేసి "సార్, నేను ఫలానా బ్యాచ్ వాణ్ణి, ఆసుపత్రిలో ఉన్నాను" అంటే రిటైరైన మన అయ్యవార్లలో ఎంతమంది కాదనగలరు? ఆ జాబితా మనకు జ్ఞాపకాల పుస్తకం. మోసగాడికి పనిముట్టు.

కాబట్టి తలుపు కావాలి. ఆ తలుపు ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం.

కాపలా అన్నది మనకు కొత్త కాదు. చెరువు తూము తెరిచే పని ఊళ్లో నీరుగంటిది. వేరే ఎవరో వచ్చి తూము తెరిస్తే ఊరంతా చూస్తుంది. అక్కడ ముఖమే బీగంచెవి. ముఖం తెలియనిచోట ముద్ర, ఉంగరం, రేషన్ కార్డు లాంటి వస్తువు చూపించాలి. చీకట్లో ముఖమూ వస్తువూ రెండూ కనిపించకపోతే మిగిలేది మాట. రోమన్ సైన్యంలో రాత్రి కాపలాకు ఆనాటి సంకేతపదాన్ని చెక్క పలక మీద రాసి దళం నుంచి దళానికి అందించేవారని, చీకటి పడేలోపు పలకలన్నీ తిరిగి అధికారి దగ్గరికి చేరాలని, ఒకటి తక్కువైతే ఎక్కడ ఆగిందో విచారించేవారని పాలిబియస్ అనే చరిత్రకారుడు రాశాడు. అంటే రెండు వేల ఏళ్ల క్రితమే పాస్‌వర్డ్ పంచడం కన్నా అది ఎవరి చేతుల్లోకి వెళ్లిందో లెక్క పెట్టుకోవడం పెద్ద పని అయింది.

మన ప్రభుత్వ కార్యాలయాల్లో ఇంకో పద్ధతి ఉంది. ట్రెజరీలో పనిచేసిన మిత్రులకు బాగా తెలుసు, డబుల్ లాక్. స్ట్రాంగ్‌రూముకు రెండు బీగాలు, రెండు చెవులు ఇద్దరి దగ్గర. ఇద్దరూ వస్తేగాని తలుపు తెరుచుకోదు. ఈ మాట గుర్తుంచుకోండి, చివర్లో అవసరం పడుతుంది.

కంప్యూటరుకు పాస్‌వర్డ్ పెట్టడం అమెరికాలోని ఎం.ఐ.టి.లో మొదలైంది. 1961 నవంబరులో ఫెర్నాండో కోర్బటో బృందం ఒకే కంప్యూటరును ఒకేసారి చాలామంది వాడుకునే సి.టి.ఎస్.ఎస్. అనే వ్యవస్థను ప్రదర్శించింది. అప్పటిదాకా కార్డుల కట్ట ఇచ్చి వెళ్లిపోయి మర్నాడు వచ్చి ఫలితం తీసుకునేవాళ్లు. ఇప్పుడు ఒకే యంత్రంలో పదిమంది ఫైళ్లు పక్కపక్కన ఉండసాగాయి. ఎవరి ఫైళ్లు వాళ్లే చూడాలంటే ఎవరెవరో తెలియాలి. అందుకని ఒక్కొక్కరికి ఒక పాస్‌వర్డ్. పెద్ద భద్రత కోసం కాదు, ఉమ్మడి ఇంట్లో ఎవరి ట్రంకు పెట్టెకు వాళ్లు చిన్న బీగం వేసుకున్నట్టు.

ఆ బీగం ఏడాది కూడా నిలవలేదు. 1962లో అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థికి వారానికి నాలుగు గంటల కంప్యూటర్ సమయం చాలలేదు. ఫైళ్లు ప్రింటు తీయించుకోవడానికి కార్డు మీద ఫైలు పేరు రాసి ఇచ్చే సదుపాయం ఉండేది. అతను పాస్‌వర్డుల ఫైలు పేరే రాసి ఇచ్చాడు. శుక్రవారం రాత్రి ఇస్తే శనివారం ఉదయానికి అందరి పాస్‌వర్డులూ కాగితం మీద వచ్చేశాయి. ఈ సంగతి పాతికేళ్ల తరువాత గాని అతను బయటపెట్టలేదు.

1966లో అదే వ్యవస్థలో ఇంకో తమాషా. లాగిన్ అయిన ప్రతివాడికీ కనిపించే "నేటి సందేశం" స్థానంలో ఒక మధ్యాహ్నం మొత్తం పాస్‌వర్డుల ఫైలు కనిపించింది. ఇద్దరు నిర్వాహకులు ఒకేసారి రెండు ఫైళ్లు దిద్దుతుంటే, ఎడిటర్ రెంటికీ ఒకే తాత్కాలిక ఫైలు పేరు వాడడంతో అవి తారుమారయ్యాయి. కోర్బటో తన ట్యూరింగ్ అవార్డు ఉపన్యాసంలో ఈ కథ చెప్పుకున్నాడు. అంత పెద్దవాడు అంత పెద్ద వేదిక మీద తన వ్యవస్థ లోపం చెప్పడం నాకు చాలా నచ్చింది.

రెండు సంఘటనల్లోనూ జబ్బు ఒకటే. పాస్‌వర్డులు ఉన్నవి ఉన్నట్టు ఒక ఫైలులో రాసి పెట్టుకోవడం. ఊళ్లోవాళ్లందరి బీగంచెవుల నకళ్లు ఒకే సంచిలో వేసి గుడి అరుగు మీద పెట్టినట్టు.

దీనికి మందు ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో దొరికింది. రోజర్ నీధామ్ ఆలోచనను మారిస్ విల్క్స్ 1968లో వచ్చిన తన పుస్తకంలో వివరించాడు. పాస్‌వర్డును దాచవద్దు, దాన్ని తిరిగి రాలేని దారిలో మార్చి, మారిన రూపాన్ని దాచు. మన వేరుశనగ రైతులకు ఇది ఒక్క మాటలో చెప్పవచ్చు. గానుగలో విత్తనం వేస్తే నూనె వస్తుంది, నూనె నుంచి విత్తనం రాదు. సర్వరు దగ్గర నూనె మాత్రమే ఉంటుంది. మనం లాగిన్ అయినప్పుడు ఇచ్చిన విత్తనాన్ని మళ్లీ గానుగాడి, వచ్చిన నూనె తన దగ్గరున్న నూనెతో సరిపోయిందా అని చూసుకుంటుంది. సరిపోతే తలుపు తీస్తుంది. ఫైలు దొంగిలించినవాడికి చిక్కేది నూనె సీసాలే.

అయితే దొంగ కూడా గానుగ పెట్టుకోవచ్చు. డిక్షనరీలోని మాటలన్నీ ఒక్కొక్కటే ఆడించి, వచ్చిన నూనెను సీసాలతో పోల్చుకోవచ్చు. దీని మీద యూనిక్స్ తయారుచేసిన బెల్ ల్యాబ్స్ వాళ్లు రాబర్ట్ మారిస్, కెన్ థాంప్సన్ 1979లో రాసిన చిన్న వ్యాసం ఇప్పటికీ చదవదగ్గది. వాళ్లు 3,289 పాస్‌వర్డులు సేకరించి చూశారు. 15 మంది ఒకే ఒక్క అక్షరం పెట్టుకున్నారు. 72 మంది రెండక్షరాలు. మూడక్షరాల వాళ్లు 464 మంది. డిక్షనరీ మాటలు, పేర్లు కూడా కలిపితే మొత్తం మీద 86 శాతం సులభంగా చిక్కేవే. అదీ కంప్యూటర్ నిపుణుల మధ్య! మనవాళ్లు ఇంటిపేరు పక్కన పుట్టిన సంవత్సరం పెట్టుకుంటారని నవ్వుకోవలసిన పని లేదు.

వాళ్లు రెండు ఉపాయాలు వాడారు. ఒకటి, గానుగను కావాలనే నిదానంగా తిప్పడం. ఒకే లెక్కను 25 సార్లు చేయించారు. అసలు మనిషికి ఆ ఆలస్యం తెలియదు. లక్ష మాటలు ప్రయత్నించే దొంగకు బాగా తెలుస్తుంది. రెండోది ఉప్పు. నిజంగానే దాని పేరు సాల్ట్. ప్రతి పాస్‌వర్డుకూ గానుగలో వేసేముందు ఒక చిటికెడు, 4,096 రకాల్లో ఏదో ఒకటి, కలుపుతారు. ఇద్దరు మిత్రులు ఒకే పాస్‌వర్డు పెట్టుకున్నా నూనె వేరువేరుగా వస్తుంది. ముందే అన్ని మాటలకూ నూనె తీసి పెట్టుకున్న దొంగ శ్రమ దండగవుతుంది.

ఇదంతా 1979 నాటికే ప్రచురించిన జ్ఞానం. అయినా 2009లో రాక్‌యూ అనే సంస్థ నుంచి మూడు కోట్లకు పైగా పాస్‌వర్డులు బయటపడినప్పుడు అవన్నీ ఉన్నవి ఉన్నట్టే రాసి ఉన్నాయి. అందులో ఎక్కువమంది పెట్టుకున్నది 123456. మూడేళ్ల తరువాత లింక్డిన్ ఫైలు బయటపడింది, అందులో నూనె ఉంది గాని ఉప్పు లేదు.

ఇక వెబ్‌సైటు సంగతి. స్విట్జర్లండులోని సెర్న్‌లో టిమ్ బెర్నర్స్‌లీ 1989లో ప్రతిపాదించిన వెబ్‌కు మొదట తలుపులే లేవు. శాస్త్రవేత్తలు తమ కాగితాలు ఒకరికొకరు చూపించుకోవడానికి పుట్టింది గదా, మూయడం ఎందుకు? కాని సంస్థలు లోపలి కాగితాలు కూడా పెట్టడం మొదలయ్యాక తలుపు అడిగారు. సెర్న్ సర్వరులో ఆరి లుఓటోనెన్ అనే ఫిన్లండ్ యువకుడు అనుమతులు చూసే భాగం రాశాడు. అమెరికాలో ఎన్.సి.ఎస్.ఎ. సర్వరును రాబ్ మెకూల్ రాశాడు. ఫోల్డరులో ఒక చిన్న ఫైలు పెడితే ఆ ఫోల్డరుకు బీగం పడే పద్ధతి, అంటే డాట్ హెచ్‌టీయాక్సెస్, ఆ సర్వరు నుంచి వచ్చిందే. ఆ సర్వరుకు జనం వేసిన అతుకుల మీదే 1995లో అపాచీ పుట్టింది. 1996 మేలో హెచ్‌టీటీపీ 1.0 పత్రంలో ఈ తలుపు పద్ధతికి 'బేసిక్ ఆథెంటికేషన్' అని పేరు పెట్టి రాసుకున్నారు.

పనిచేసే తీరు సులభం. మీరు పేజీ అడుగుతారు. సర్వరు పేజీ ఇవ్వకుండా 401 అనే సంఖ్య, దానితో పాటు ఆ గది పేరు పంపుతుంది. మీ బ్రౌజరు ఒక పెట్టె తెరిచి పేరు, పాస్‌వర్డ్ అడుగుతుంది. మీరు టైపు చేశాక రెంటి మధ్య ఒక కోలన్ పెట్టి, బేస్64 అనే లిపిలోకి మార్చి, మళ్లీ అదే పేజీ అడుగుతూ దాన్ని జతచేస్తుంది. సర్వరు తన ఫైలులో మీ పేరు వెతికి, మీ ఉప్పు తీసి, గానుగాడించి చూసుకుంటుంది. ఆ తరువాత ఆ సైటులో మీరు తెరిచే ప్రతి పేజీకీ, ప్రతి ఫొటోకూ బ్రౌజరే మీ తరఫున మళ్లీ మళ్లీ పాస్‌వర్డు చెబుతూ ఉంటుంది. ఈ పద్ధతిలో లాగౌట్ అన్నదే లేదు, బ్రౌజరు మూయాల్సిందే.

ఒక చిన్న సరదా. ఆ పత్రంలో ఉదాహరణకు ఇచ్చిన పేరు అల్లాదీన్, పాస్‌వర్డు 'ఓపెన్ సెసేమ్'. కాని గుహ ముందు ఆ మాట అన్నది అల్లాదీన్ కాదు, ఆలీబాబా! ఎన్.టి.ఆర్. 'ఆలీబాబా 40 దొంగలు' చూసిన మనవాళ్లెవరైనా వెంటనే పట్టుకునే పొరపాటు. తరువాతి పత్రాల్లో కూడా అలాగే ఉంచేశారు. ఆ కథలో ఆలీబాబా అన్న గుహలోకి వెళ్లి, బయటికి వచ్చేటప్పుడు మాట మరచిపోయి, బార్లీ మొదలుకొని ధాన్యాల పేర్లన్నీ అరుస్తాడు, నువ్వులు తప్ప. పాస్‌వర్డు మరచిపోయిన మొదటి మనిషి అతనే అనుకోవచ్చు. మన జిల్లావాడైతే మొదట వేరుశనగ అనేవాడు.

బేస్64 రహస్యలిపి కాదు, ఇది చాలామంది పొరబడేచోటు. తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో రాసినంత మాత్రాన అది రహస్యమవుతుందా? చదవడం తెలిసినవాడు చదువుతాడు. కాబట్టి మామూలు హెచ్‌టీటీపీ మీద ఈ పద్ధతి వాడడం పోస్టుకార్డు మీద బీగంచెవి బొమ్మ గీసి పంపడమే. దారిలో ఉన్న ప్రతి పోస్టుమ్యానూ చూడవచ్చు. అంటించిన కవరు కావాలి. అదే హెచ్‌టీటీపీఎస్. ఒకప్పుడు దాని సర్టిఫికెట్‌కు ఏటా డబ్బు కట్టాల్సి వచ్చేది, చిన్న సంఘాలు వదిలేసేవి. 2015 చివర్లో లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టాక ఆ సాకు పోయింది.

మన వైపు పాస్‌వర్డు ఎలా వచ్చిందో కూడా చెప్పుకోవాలి. 1995 ఆగస్టు 15న వీ.ఎస్.ఎన్.ఎల్. దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ ఇచ్చింది. మా తరం ఇంజనీర్లకు మొదటి పాస్‌వర్డు ఆ నల్ల తెర మీద టైపు చేసిందే. మామూలు జనానికి మాత్రం రైలు టికెట్టే నేర్పిందని నా అంచనా. 2002 ఆగస్టులో ఐ.ఆర్.సి.టి.సి. మొదలైంది, మన పక్కనే ప్రశాంతి నిలయం స్టేషను ఉన్నా టికెట్టు కోసం వరుసలో నిలబడనక్కరలేకుండా, పేరు, పాస్‌వర్డు ఉంటే సరిపోయే రోజు వచ్చింది. తరువాత బ్యాంకులు, 2011లో మీసేవ, 2015లో భూముల కోసం మీభూమి. అడంగలు, 1బీ చూసుకోవడానికి రైతుకు ఫోన్ చాలు. దాన్ని మార్చగలిగేది మాత్రం అధికారి లాగిన్ నుంచే. చూడడానికి ఒక తలుపు, మార్చడానికి ఇంకో తలుపు. మన జాబితాకు కూడా ఈ తేడా కావాలి.

పదో తరగతి ఫలితాలు తలుచుకోండి. మన కాలంలో పేపర్లో నంబర్లు మాత్రమే వచ్చేవి. నంబరు తెలిసినవాడికే పాసో ఫెయిలో తెలిసేది. ఇప్పుడు హాల్ టికెట్ నంబరు కొడితే మార్కులన్నీ కనిపిస్తాయి, పక్కింటివాళ్లు కొట్టినా సరే. నంబరు మనం ఎవరో చెబుతుందే గాని, అడుగుతున్నది మనమే అని చెప్పదు. ఆధార్ నంబరు కూడా అంతే. మన వెబ్‌సైటుకు "పాస్‌వర్డుగా బ్యాచ్ సంవత్సరం పెడదాం" అన్న సూచన వచ్చింది గనుక ఇంత చెప్పాను.

ఇంకో సూచన, అందరికీ ఒకే పాస్‌వర్డు పెట్టి వాట్సాప్ గ్రూపులో వేయడం. దానికన్నా బీగం పక్కనే మేకుకు చెవి తగిలించడం మేలు, కనీసం ఎవరు తీసుకున్నారో చూడవచ్చు. ఒక్కొక్క సభ్యుడికీ వేరే పేరు, వేరే పాస్‌వర్డు ఇవ్వాలి. ఒకరిది బయటపడితే ఆ ఒక్క వరుస తీసేస్తే చాలు, మిగతావాళ్లను ఇబ్బంది పెట్టనక్కరలేదు. అపాచీతో వచ్చే హెచ్‌టీపాస్‌వర్డ్ అనే పనిముట్టు దీనికే ఉంది. బీక్రిప్ట్ అనే నిదానపు గానుగను ఎంచుకోవాలి. పాత క్రిప్ట్ పద్ధతిలో మొదటి ఎనిమిది అక్షరాలే లెక్కకు వస్తాయి, ఎంత పొడుగు పాస్‌వర్డు పెట్టినా మిగతాది వృథా. ఆ ఫైలును వెబ్ ఫోల్డరులో కాకుండా బయట పెట్టాలి. సర్వరు ముఖ్య అమరికలో అనుమతి ఇవ్వకపోతే డాట్ హెచ్‌టీయాక్సెస్ ఫైలును అపాచీ అసలు పట్టించుకోదు. ఏ హెచ్చరికా రాదు, తలుపు తెరిచే ఉంటుంది. బీగం పెట్టాక బయటినుంచి, వేరే ఫోను మీద, పాస్‌వర్డు లేకుండా ఒకసారి తలుపు తట్టి చూడడం అందుకే. పాస్‌వర్డు మరచిపోయినవాళ్లకు మళ్లీ ఇచ్చే ఏర్పాటు ఈ పద్ధతిలో ఉండదు కాబట్టి మనిషే ఆ పని చేయాలి. మనంత సంఘానికి అది భారం కాదు. డబ్బు లావాదేవీలు మాత్రం ఈ తలుపు వెనుక పెట్టకూడదు.

పాస్‌వర్డు తెలుగులో ఉండొచ్చా అని ఒక అయ్యవారు అడిగారు. 1996 పత్రం ఇంగ్లీషు కాని అక్షరాల గురించి స్పష్టంగా చెప్పలేదు. 2015లో వచ్చిన సవరణ పత్రం యూటీఎఫ్-8 అని ప్రకటించుకునే వీలు కల్పించింది, కాబట్టి ఉండొచ్చు. ఒక చిక్కుంది. కొన్ని కీబోర్డులు పొల్లు అక్షరం తరువాత కంటికి కనిపించని ఒక గుర్తు వేస్తాయి, కొన్ని వేయవు. తెరమీద రెండూ ఒకేలా కనిపించవచ్చు, గానుగలో మాత్రం వేరే నూనె వస్తుంది. పొల్లు లేని మాటలు ఎంచుకుంటే గొడవ ఉండదు: నాలుగు సంబంధం లేని తెలుగు మాటలు, వరుసగా. అమెరికా ప్రమాణాల సంస్థ కూడా 2017లో తన పాత సలహా మార్చుకుంది. మూడు నెలలకోసారి మార్చమని, వింత గుర్తులు కలపమని బలవంతం చేయవద్దని, పొడుగు ముఖ్యమని చెప్పింది.

ఇప్పుడు డబుల్ లాక్ మాట. సభ్యుల పాస్‌వర్డులు పోతే మళ్లీ ఇవ్వవచ్చు. సర్వరు పాస్‌వర్డు, డొమైన్ పేరు కొన్న ఖాతా పాస్‌వర్డు పోతే? నేను చూసిన ఒక సంఘంలో అవి ఒకే మనిషికి తెలుసు. ఆయన కాలం చేశారు. ఏడాది తిరిగేసరికి డొమైన్ గడువు ముగిసింది, ఫొటోలు, జ్ఞాపకాలు అన్నీ అందకుండా పోయాయి. దొంగ ఎవరూ రాలేదు, బీగమే మిగిలింది. మన సంఘానికి యాభై ఏళ్లు నిండాయి, కార్యవర్గాలు మారుతూ వచ్చాయి. రాబోయే కార్యవర్గాల్లో ఇప్పటి మనం ఉండం. అందుకని నా ప్రతిపాదన ఇది. ఆ రెండు ఖాతాల పాస్‌వర్డులు కాగితం మీద రాయాలి. ప్రతి పాస్‌వర్డునూ సగం చేసి రెండు కవర్లలో పెట్టి, లక్కతో ముద్ర వేయాలి. ఒకటి సంఘం కార్యదర్శి దగ్గర, ఒకటి బడిలో ప్రధానోపాధ్యాయుల బీరువాలో ఉండాలి. కార్యవర్గం మారిన రోజున పాత కవర్లు చించి, పాస్‌వర్డులు మార్చి, కొత్తవి రాసి, మినిట్స్ పుస్తకంలో ఇద్దరి సంతకాలు తీసుకోవాలి. రోమన్ పలకల లెక్క లాగా.

పాస్‌వర్డు లేని కాలం రాబోతోందని కూడా అంటున్నారు. ఫోనే తన లోపల ఒక చెవి తయారుచేసుకుని, దానికి సరిపోయే బీగాన్ని మాత్రం సర్వరుకు ఇచ్చే పాస్‌కీ పద్ధతికి 2019లో వెబ్ ప్రమాణం వచ్చింది. యాపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్ మూడూ 2022లో దాన్ని ప్రోత్సహిస్తామన్నాయి. మన ఉమ్మడి జిల్లా బుక్కాపురం మూలాలున్న సత్య నాదెళ్ల నడుపుతున్న మైక్రోసాఫ్ట్ అంతకు ముందే, 2021లో, ఖాతా నుంచి పాస్‌వర్డును పూర్తిగా తీసేసే వీలిచ్చింది. మన సైటుకు అది వచ్చేదాకా జాబితా ఫోల్డరుకు పైన చెప్పిన బీగమే. సావనీరు వ్యాసాలు, పాత గ్రూపు ఫొటోలు, అయ్యవార్ల పరిచయాలు బీగం లేకుండా అందరికీ. తమ ఫోన్ నంబరు జాబితాలో వద్దనుకునేవాళ్లు ఉత్సవం రోజు రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర ఇచ్చే ఫారంలో చివరి గడి ఖాళీగా వదిలేయండి.